కారుకు స్ప్రే పూత: చారలు పడకుండా

దసరా వస్తోందంటే మన ఇళ్ళ ముందు బకెట్లు, నీళ్ళ పైపులు బయటికొస్తాయి. బళ్ళారి, కోలారు వైపైనా, హోసూరు, కృష్ణగిరి వైపైనా ఆయుధ పూజకు ముందురోజు బండి కడగని ఇల్లుండదు. బరంపురం, రాయగడ వైపు వాళ్ళకు ఈ హడావుడి ఇంకాస్త ముందే, సెప్టెంబరు నెలలో విశ్వకర్మ పూజకే మొదలవుతుంది. షోలాపురంలో ఉన్నవాళ్ళు దసరా పొద్దున్నే బండికి బంతిపూల దండ వేస్తారు. ఊరేదైనా, రాష్ట్రమేదైనా, అన్నం పెట్టే బండికి ఆ రోజు ఒక మర్యాద ఉంది.

ఈ మధ్య ఆ మర్యాదలో ఒక కొత్త వస్తువు చేరింది. అదే స్ప్రే సీసా. దీన్ని కొందరు స్ప్రే మైనం అంటారు, కొందరు సీలెంట్ అంటారు, ఈమధ్య ఎక్కువగా సెరామిక్ స్ప్రే అంటున్నారు. పేరేదైనా పని ఒకటే. రంగు మీద ఒక పలుచని పొర వేస్తుంది. నీటిని నిలవనివ్వదు, దుమ్మును తేలిగ్గా వదిలిస్తుంది, ఎండ దెబ్బను కొంత తట్టుకుంటుంది. మంచి వస్తువే. కాని చాలామంది చెప్పే ఫిర్యాదు ఒకటుంది. "రాత్రి కొట్టినప్పుడు బాగానే ఉందండీ, పొద్దున ఎండ పడేసరికి బానెట్ నిండా చారలే" అంటారు. ఆ చారలు ఎందుకు పడతాయి, పడకుండా ఏం చేయాలి, పడితే ఎలా తీయాలి అనేది ఈ రోజు మాట్లాడుకుందాం.

నాకు తెలిసిన ఒక పెద్దాయన సంగతి ముందు చెబుతాను. ఆయన అప్పు చేసి ముదురు నీలం రంగు పాత కారు ఒకటి కొన్నాడు. పెళ్ళిళ్ళకు, ఆసుపత్రి ప్రయాణాలకు కిరాయికి తిప్పుకుంటాడు. ఆయుధ పూజ ముందురోజు మధ్యాహ్నం, ఎండలోనే బండి కడిగి, ఒళ్ళంతా స్ప్రే కొట్టాడు. ముందు అద్దం మీద కూడా కొట్టాడు. సాయంత్రానికి చారలు తేలాయి. కంగారుపడి కిరసనాయిలు గుడ్డతో రుద్దాడు. పోలేదు. తర్వాత గిన్నెలు తోమే పీచుతో రుద్దాడు. చారలు పోయాయి, వాటితోపాటు రంగు మెరుపూ పోయింది. అంతకంటే పెద్ద ప్రమాదం ఆ రాత్రే ఎదురైంది. వానలో కిరాయికి వెళ్ళాడు. ఎదురుగా లారీ లైట్లు పడగానే అద్దమంతా పాలు పోసినట్టు తెల్లబడింది. దారి కనబడక, బండి పక్కకు తీసి, వాన ఆగేదాకా కూర్చున్నాడు. ఆయన నిదానస్తుడు కాబట్టి ఇంటికి చేరాడు. అందుచేత ఈ చారల సంగతి అందానికి సంబంధించింది మాత్రమే కాదని మొదటే మనవి చేస్తున్నాను.

ముందు ఆ పొర ఎలా పట్టుకుంటుందో తెలుసుకుందాం. ఈనాటి కార్లలో చాలావాటికి రంగు మీద రంగులేని వార్నిష్ లాంటి పై పూత ఉంటుంది. దాన్ని క్లియర్ కోట్ అంటారు. దాని మందం సాధారణంగా 50 మైక్రాన్ల లోపే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే ఆ పై పూత ఒక వెంట్రుక కంటే పలుచన. మనం కొట్టే స్ప్రే పొర అందులో ఎన్నో వంతుకు కూడా రాదు. సీసాలో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం నీరో, ఆవిరైపోయే మరో ద్రవమో ఉంటుంది. అది ఆవిరైపోయాక, మిగిలిన కొద్దిపాటి పదార్థం రంగుకు అంటుకుని పొరగా మారుతుంది. ఆ ద్రవం ఆవిరయ్యే లోపల మనం అంతటా సమంగా పరచాలి. పరచకపోతే ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా ఆరుతుంది. ఆ హెచ్చుతగ్గుల మీద వెలుగు పడినప్పుడు మన కంటికి చారగా కనిపిస్తుంది. రోడ్డు మీద వాన నీళ్ళలో నూనె చుక్క పడితే రంగురంగులుగా కనిపిస్తుంది చూడండి, మందంగా మిగిలిన పొర కూడా అలాగే ఇంద్రధనుస్సు రంగులు చూపిస్తుంది.

వంటింట్లో అట్లు పోసే ఆడవాళ్ళకు ఇది నేను చెప్పనక్కరలేదు. పెనం మరీ కాలిపోతే పిండి పరచుకోదు, గరిటెకు చుట్టుకుని ముద్దలు ముద్దలుగా వస్తుంది. అప్పుడు పెనం మీద నీళ్ళు చిలకరించి చల్లారుస్తారు. కారు బానెట్ కూడా పెనం లాంటిదే. ఎండాకాలం ఎండలో నిలబెట్టిన ముదురు రంగు కారు రేకు 60 డిగ్రీలు దాటడం మామూలే. దాని మీద స్ప్రే కొడితే మీ గుడ్డ చేరేలోపల ఆరిపోతుంది. కాబట్టి మొదటి సూత్రం, నీడ. షెడ్డులోనో, చెట్టు లేని చోట గోడ నీడలోనో బండి పెట్టండి. చెట్టు కింద అయితే జిగురు, ఆకులు, పిట్టల రెట్టలు పడతాయి. దూరం తిరిగి వచ్చిన బండి అయితే ఇంజన్ వేడి తగ్గేదాకా ఒక గంట ఆగండి. అరచేతి వెనక భాగాన్ని బానెట్ మీద ఉంచి చూడండి. చల్లగా అనిపిస్తేనే పని మొదలుపెట్టండి.

చల్లగా ఉండాలన్నాను కదా అని మరీ తెల్లవారుజామున మొదలుపెట్టకండి. హోసూరు లాంటి చలి ప్రదేశాల్లో ఆ వేళకు రేకు మీద మంచు చెమ్మ పట్టి ఉంటుంది. ఆ చెమ్మతో స్ప్రే కలిస్తే మబ్బు పట్టినట్టు మరకలు పడతాయి. యానాం, గంజాం తీరం వైపు వాళ్ళకు ఉక్కపోత ఇంకో రకం చిక్కు. గాలిలో తేమ ఎక్కువ ఉంటే ద్రవం త్వరగా ఆవిరి కాదు, పొర జిడ్డుగా ఉండిపోతుంది. తుడిచేశాం అనుకుంటాం, పది నిమిషాలకు మళ్ళీ తేలుతుంది. అక్కడి వాళ్ళు చిన్న చిన్న భాగాలుగా పని చేయాలి, చివరి తుడుపుకు బాగా పొడిగా ఉన్న గుడ్డ వాడాలి.

రెండోది, కడగడం. చారలు చాలావరకు స్ప్రే వల్ల కాదు, కింద మిగిలిపోయిన మురికి వల్ల వస్తాయి. బళ్ళారి వైపు ఎర్రటి ఖనిజం దుమ్ము, చంద్రపూర్ వైపు బొగ్గు ధూళి మీకు తెలిసిందే. ఈ దుమ్ము పొడిగా ఉన్నప్పుడు గుడ్డతో తుడవడం అంటే ఉప్పు కాగితంతో రుద్దినట్టే. ముందు పైపుతో నీళ్ళు పోసి ఎంత పోతే అంత పోనివ్వండి. తర్వాత రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్ళు, రెండోదాంట్లో మంచినీళ్ళు. గుడ్డను మంచినీళ్ళలో జాడించి, ఆ తర్వాతే షాంపూ నీళ్ళలో ముంచండి. పైకప్పు నుంచి కిందికి రండి. చక్రాలకు వాడిన గుడ్డ వేరే పెట్టండి.

కడిగాక ఒక చిన్న పరీక్ష. పలుచని ప్లాస్టిక్ సంచి చేతికి తొడుక్కుని రంగు మీద మెల్లగా నిమరండి. ఇసుక కాగితంలా గరగరలాడితే రంగులో దుమ్ము నాటుకుని ఉందన్నమాట. దాన్ని తీయడానికి క్లే అని మైనపు ముద్ద లాంటిది దొరుకుతుంది. తడి మీద, జారేలా వాడాలి. అది కింద పడితే మళ్ళీ వాడకూడదు, పారేయాలి. ఆ గరుకు మీదే స్ప్రే కొడితే పొర సమంగా పట్టదు.

మూడోది, నీళ్ళు. మన ప్రాంతాల్లో బోరు నీళ్ళే ఎక్కువ. చాలాచోట్ల వాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటాయి. మీ నీళ్ళు ఎలాంటివో తెలుసుకోవాలంటే ఒక గాజు పలక మీద నాలుగు చుక్కలు వేసి ఆరనివ్వండి. తెల్లటి వలయం మిగిలితే అవి కారు మీద కూడా అదే వలయం మిగులుస్తాయి. దాని మీద స్ప్రే కొడితే ఆ మరక పొర కింద చిక్కుకుపోతుంది. అందుకని కడిగింది బోరు నీళ్ళతోనే అయినా, ఆఖరున ఒక బకెట్టు మంచినీళ్ళతో జాడించండి. రెండు మూడు వానలు పడి కప్పు శుభ్రమయ్యాక పట్టుకున్న వాన నీళ్ళు చాలా మంచివి. ఇంట్లో తాగడానికి ఆర్‌.ఓ. యంత్రం ఉంటే ఆ మంచినీళ్ళు వాడుకోవచ్చు. కాని దాని నుంచి వృథాగా బయటికి పోయే నీళ్ళు మాత్రం ఇందుకు వద్దు. వాటిలో లవణాలు ఇంకా చిక్కగా ఉంటాయి.

తర్వాత పూర్తిగా ఆరబెట్టండి. పైకి పొడిగా కనిపించినా అద్దాల సందుల్లో, తలుపు పిడుల కింద, నంబరు ప్లేటు వెనక, డిక్కీ అంచుల్లో నీళ్ళు దాగి ఉంటాయి. తలుపులు, డిక్కీ ఒకసారి తీసి వేయండి. బండిని పది అడుగులు ముందుకు నడిపి ఆపండి. దాగిన నీళ్ళు బయటికి వస్తాయి. లేకపోతే మీరు స్ప్రే కొట్టాక అవి జారి, కన్నీటి చార లాంటి గీత మిగులుస్తాయి.

నాలుగోది, గుడ్డ. పాత పంచె, చిరిగిన బనియను, పసుపు డస్టరు గుడ్డ, ఇవి ఈ పనికి పనికిరావు. నూగు రాలుతుంది, ద్రవాన్ని సమంగా పీల్చవు. మైక్రోఫైబర్ గుడ్డలు కనీసం మూడు తెచ్చుకోండి. ఒకటి పరచడానికి, ఒకటి తుడవడానికి, ఒకటి ఆఖరి చూపుకు. గుడ్డ అంచున కుట్టిన చీటీ కత్తిరించేయండి, అది గీతలు పెడుతుంది. గుడ్డను నాలుగు మడతలు వేస్తే అటూ ఇటూ కలిపి ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక ముఖం జిడ్డయిందనిపిస్తే వెంటనే మడత మార్చండి. తడిసి జిడ్డు పట్టిన గుడ్డతో ఎంత తుడిచినా చారను ఇక్కడి నుంచి అక్కడికి జరపడమే అవుతుంది. ఈ గుడ్డలను ఇంటి బట్టలతో కలిపి ఉతకకండి. బట్టలు మెత్తబడటానికి వాడే కండిషనరు అసలు వద్దు. అది గుడ్డలో మైనంలా నిలిచిపోయి, తర్వాత కారు మీద చారలై తేలుతుంది.

ఇప్పుడు సీసా దగ్గరికి వద్దాం. ముందు దాని మీద రాసింది చదవండి. మన ఇళ్ళలో మాట తెలుగే అయినా, మనలో చాలామంది చదువు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో సాగింది. సీసా మీద రాత మాత్రం తరచుగా ఇంగ్లీషులో, చీమల బారులా ఉంటుంది. బడికి వెళ్ళే పిల్లల చేత చదివించుకోండి, అందులో నామోషీ లేదు. ముఖ్యంగా ఒక సంగతి కనుక్కోండి. ఇది పొడి బండి మీద వాడేదా, తడి బండి మీద వాడేదా? తడి మీద వాడే రకాన్ని కొట్టిన వెంటనే నీళ్ళ ధారతో కడిగేయాలి. దాన్ని పొడి రేకు మీద కొడితే చారలు తప్పవు. అలాగే బండికి ఈమధ్యే కొత్త రంగు వేయించి ఉంటే తొందరపడకండి. ఆ రంగు లోపలి ద్రవం పూర్తిగా ఆరడానికి సాధారణంగా నెల రోజులైనా పడుతుంది. రంగు వేసిన పెయింటరును అడిగి, ఆయన సరే అన్నాకే పూత వేయండి.

సీసాను బాగా కుదపండి. అడుగున పేరుకున్నది కలవకపోతే మొదటి సగం నీళ్ళలా, రెండో సగం జిడ్డులా వస్తుంది. మొదట డిక్కీ కింద కనబడని చోట అరచేయంత మేర వేసి చూడండి. బాగుందనిపిస్తే పైకప్పుతో మొదలుపెట్టండి. ఒకసారి రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు మించకండి. బానెట్‌ను రెండు మూడు భాగాలు చేసుకోండి. స్ప్రేను రేకు మీద కాకుండా గుడ్డ మీద కొట్టుకోవడం కొత్తవాళ్ళకు మంచిది. రెండు మూడు సార్లు నొక్కితే చాలు. ఎక్కువ కొడితే ఎక్కువ మెరుస్తుందనుకోవడమే పొరపాటు. రంగుకు పట్టేది కొంతే, మిగిలినదంతా చార.

గోడకు సున్నం వేసేవాళ్ళను చూశారుగా. ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా వేస్తారు. మీరూ అలాగే, గుడ్డను ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా, ఒక గీత మీద మరో గీత సగం పడేలా నడపండి. గుండ్రంగా రుద్దకండి. నొక్కకండి, గుడ్డ బరువే చాలు. పరచిన వెంటనే, ఆ భాగం వదిలి కదలకుండా, రెండో గుడ్డతో తుడవండి. మడత తిప్పి ఇంకోసారి తుడవండి. తర్వాతే పక్క భాగానికి వెళ్ళండి. బండి మొత్తం కొట్టేసి, ఆనక తాపీగా తుడుద్దాం అనుకున్నారా, చారలను ఆహ్వానించినట్టే.

ప్రతి భాగం అయ్యాక నిటారుగా నిలబడి చూస్తే ఏమీ కనబడదు. కాస్త వంగి, పక్కగా చూడండి. ఫోను టార్చి వెలుగును ఏటవాలుగా పడనివ్వండి. అక్కడే చార దొరికిపోతుంది, అప్పుడే తుడిస్తే చిటికెలో పోతుంది. మరునాడు అయితే చెమట పడుతుంది. అంతా అయ్యాక సీసా మీద చెప్పినన్ని గంటలు నీళ్ళు తగలనివ్వకండి. చాలావాటికి పన్నెండు నుంచి ఇరవైనాలుగు గంటలు చెబుతారు. కాబట్టి పూజ ముందురోజు సాయంత్రం కాదు, రెండు రోజుల ముందే ఈ పని ముగించుకోండి.

ఇంత చేసినా చార పడిందనుకోండి, దాని జాతి ముందు తెలుసుకోండి. వేలితో రుద్దితే కదిలే చార అయితే అది ఎక్కువైన పూత. అదే స్ప్రే గుడ్డ మీద ఒక్కసారి కొట్టి, ఆ చోట నిమిరి, వెంటనే పొడి గుడ్డతో తుడవండి. కొత్త ద్రవం పాతదాన్ని కరిగిస్తుంది. తెల్లటి వలయాలైతే అవి నీళ్ళ మరకలు. తెల్ల వెనిగర్‌లో అంతే మంచినీళ్ళు కలిపి, గుడ్డతో ఒక నిమిషం అద్ది, వెంటనే బాగా కడిగేయండి. అక్కడ పూత కొంత పోతుంది, మళ్ళీ వేసుకోవచ్చు. ఎండలో సాలెగూడులా గుండ్రంగా కనిపించేవి చారలు కావు, గీతలు. అవి స్ప్రేతో పోవు, పాలిష్ చేయించాలి. బాగా గట్టిపడిన చారకు కూడా మెత్తని పాలిషే మార్గం. అంతేగాని కిరసనాయిలు, పెట్రోలు, థిన్నరు, గిన్నెలు తోమే పొడి, పీచు, వీటి జోలికి పోవద్దు. వెంట్రుక కంటే పలుచని పూత అని మొదట చెప్పుకున్నాం, అది పోతే మళ్ళీ పుట్టదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. సీసా మీద అద్దానికి కూడా వాడవచ్చని స్పష్టంగా రాసి ఉంటే తప్ప, ముందు అద్దం మీద స్ప్రే పడనివ్వకండి. అద్దం మీద మిగిలిన జిడ్డు పొర పగలు కనబడదు. రాత్రి ఎదురు లైటు పడినప్పుడు వెలుగును చెదరగొడుతుంది. వానలో వైపరు గరగరమని ఎగిరెగిరి పడుతుంది. షోలాపురం నుంచి హైదరాబాదు వచ్చే దారిలోనో, ఇచ్ఛాపురం దాటి బరంపురం వెళ్ళే దారిలోనో రాత్రిపూట లారీలు ఎన్ని వస్తాయో మీకు తెలుసు. పొరపాటున పడితే అద్దానికి వాడే ద్రవంతో రెండుసార్లు తుడిచి, వైపరు రబ్బర్లు కూడా తుడిచి, రాత్రి ఒకసారి లైటు వేసి చూసుకుని బయల్దేరండి. అలాగే బ్రేకు డిస్కుల మీద, టైరు నేలను పట్టే భాగం మీద, స్టీరింగు మీద, పెడల్స్ మీద ఈ స్ప్రే చుక్క కూడా పడకూడదు. అక్కడ జారితే జారేది ప్రాణం.

పూజ వేళ రెండు జాగ్రత్తలు. తడి పసుపు, కుంకుమ కొత్త పూత మీద నేరుగా పెట్టకుండా ఒక తమలపాకు మీదో, నంబరు ప్లేటు మీదో పెట్టండి. సాయంత్రానికి మెత్తగా తుడిచేయండి. గ్యాసు నింపిన స్ప్రే డబ్బా అయితే కర్పూరం, అగరువత్తుల దరిదాపుల్లో ఉంచకండి, ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి. వేడికి అది పేలవచ్చు.

మరి గుర్తుంచుకోవలసినవి ఐదు. నీడ, శుభ్రత, మంచినీళ్ళు, పొడి గుడ్డ, కొంచెం మందు. వీటికి తోడు తొందర లేకపోవడం. ఇందాక చెప్పిన పెద్దాయన ఇప్పుడు పండగకు రెండు రోజుల ముందు సాయంత్రం నీడలో కూర్చుని, ఒక్కో భాగం చేసుకుంటాడు. అద్దం మాత్రం వట్టి నీళ్ళతో, వేరే గుడ్డతో తానే తుడుస్తాడు, ఎవరికీ వదలడు. బండి మెరిస్తే మనకు సంతోషం, దారి కనిపిస్తే మన ఇంటివాళ్ళకు సంతోషం. ఈ పండక్కి మీ బండి మీద రెండూ ఉండాలని కోరుకుంటున్నాను.